అడుగంటిన అన్నాన్ని మీ ఊళ్ళో ఏమంటారు?

మొన్న ఆదివారం రైస్ కుక్కర్ పాడైంది. చాలా రోజుల తర్వాత గిన్నెలో అన్నం పడేసి, బట్టలు ఆరేసే పనిలో పడి మంట తగ్గించడం మరిచిపోయాను. మాడు వాసన సింగపూర్ పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్ అంతా కమ్మేసింది. "అమ్మా, బర్న్ట్ ఆల్రెడీ లా!" అని గదిలోంచి మా అమ్మాయి అరిచి, వచ్చి కిటికీలన్నీ బార్లా తెరిచింది. నేను స్టవ్ కట్టేసి గిన్నె ముందు అలాగే నిలబడిపోయాను. అన్నం మాడితే ఎవరైనా విసుక్కుంటారు. నాకు మాత్రం కళ్ళు నిండిపోయాయి. పొగ వల్ల అనుకుంది మా అమ్మాయి. అనుకోనీ అని ఊరుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు పైడమ్మ ఆంటీ గుర్తొస్తుంది. ఆమె పోయి ఎక్కువ రోజులు కాలేదు.

పైడమ్మ ఆంటీ నా బాస్. బిషాన్ స్టేషన్ పక్కన ఒక ఆఫీసులో మేం ఫోన్ దుబాసీలం. రేవులో ఆగిన ఓడల నుంచి, క్లినిక్కుల నుంచి, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర్నుంచి కాల్స్ వస్తుంటాయి. ఒక పక్క ఇంగ్లీషు మాట్లాడే డాక్టరు, ఇంకో పక్క స్పానిష్ తప్ప మరోటి రాని నావికుడు, మధ్యలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని మేం. ఆమె మలేసియాలో పెరాక్ వైపు కొబ్బరి తోటల్లో పుట్టి, పెద్దయ్యాక ఇంటివాళ్ళతో ఇక్కడికి వచ్చింది. తాతల నాడు శ్రీకాకుళం నుంచి పనికి వచ్చిన కుటుంబం. ఆ తెలుగు ఆమె నోట్లో అప్పటి రూపంతోనే ఉండిపోయింది, మధ్యమధ్య మలయ్ మాటలు మాత్రం వచ్చి చేరాయి. అరవై దాటిన మనిషి, సన్నటి గొంతు, ఎప్పుడూ భుజాల మీద ఒక ఉన్ని శాలువా. నేను కాకినాడ దాన్ని. హైదరాబాద్‌లో స్పానిష్ ఎం.ఏ. చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చాను. వ్యాకరణంలో ఏ సందేహమైనా నన్నే అడగమనేదాన్ని. అంత పొగరు ఉండేది.

మొదటి రోజే ఆ పొగరు దిగిపోయింది. ఒక క్లినిక్ నుంచి కాల్. నావికుడికి వాంతులు, తలపోటు. ఏమైందని డాక్టరమ్మ అడిగితే అతను "చుచాకి" అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. మళ్ళీ అడిగాను. చెవిటిదానితో చెప్పినట్టు ఇంకా గట్టిగా "చుచాకి, చుచాకి" అన్నాడు. "అది అంటురోగమా?" అని డాక్టరమ్మ కంగారు. పక్క కుర్చీలోంచి పైడమ్మ ఆంటీ నా లైన్లోకి వచ్చేసింది. డాక్టరమ్మను ఒక్క క్షణం ఆగమని, అతణ్ణి స్పానిష్‌లో నెమ్మదిగా అడిగింది. "నాయనా, మీ ఇంట్లో అన్నం గిన్నె అడుగున అంటుకుని మాడుతుంది చూడు, దాన్ని మీ ఊళ్ళో ఏమంటారు?"

ఈవిడకేమైనా మతి పోయిందా అనుకున్నాను. అవతల అంత బాధలోనూ ఆ మనిషి నవ్వాడు. "కొకొలోన్, సెన్యోరా! కొకొలోన్!" ఆంటీ వెంటనే డాక్టరమ్మకు చెప్పింది, ఇతనిది ఈక్వడార్ దేశం, గ్వాయకీల్ రేవు అయ్యుంటుంది, అక్కడ చుచాకి అంటే తాగింది దిగకపోవడం, రోగం కాదు అని. డాక్టరమ్మ లైన్ వదిలేశాక ఆంటీ వెంటనే పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి అతణ్ణి ఇంకో మాట అడిగింది. "లూయిస్ అనే అబ్బాయిని ఎరుగుదువా? ఓడల్లో పనిచేస్తాడు. అందరూ 'ఇందూ' అని పిలుస్తారు. వాళ్ళమ్మ సింగపూర్ ఆవిడ." ఇందూ అంటే వాళ్ళ స్పానిష్‌లో భారతీయుడు. అతను తెలియదన్నాడు. "సరే నాయనా, ఒళ్ళు జాగ్రత్త" అని పెట్టేసి నా వైపు తిరిగింది. "ఏటే కాకినాడ పిల్లా, నువ్వు స్పానిష్ పొయ్యి కాడ నేర్సుకోలేదేటి?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నం నన్ను కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ విసిరి, ఆ చోటు మాదేనని చోప్ చేసి, "ముందు మాకన్, తిండి, తర్వాత పాఠం" అంది. ఆ పాఠం చాలా ఏళ్ళు సాగింది. "రాజుగోరి మాటలు, దేవుడి మాటలు, కోర్టు మాటలు స్పెయినోళ్ళు ఓడలో తెచ్చుకున్నారు. మరి ఆళ్ళకి వంట ఎవులు సేసి పెట్టినారు? ఆళ్ళ పిల్లల్ని ఎవులు ఎత్తుకున్నారు? అక్కడున్న ఆడోళ్ళే కదా. అందుకే కడుపుకి కావల్సిన మాటలన్నీ ఆ ఆడోళ్ళవే" అనేది. లేత మొక్కజొన్న కంకిని మెక్సికోలో ఎలోతే అంటారు, అది అక్కడి పాత నావాటల్ భాష. పెరూ, చిలీ వైపు అదే కంకి చోక్లో, అది కొండల మీది కెచువా భాష. ఈక్వడార్ కొండల్లో చంటిపిల్ల గ్వాగ్వా, అదీ కెచువాయే. ఇక మాడు సంగతి సరేసరి. గ్వాయకీల్‌లో కొకొలోన్, దొమినికన్ వాళ్ళకు కొంకోన్, ప్యూర్టో రికోలో పెగావ్. పెగావ్ అంటే అంటుకున్నది, అంతే. కొంకోన్ మాత్రం ఆఫ్రికా నుంచి కట్టేసి తెచ్చిన వాళ్ళ నోటి నుంచి వచ్చిందంటారని చెప్పేది. "అంటారు, అంతే. ఎవులూ రుజువు సెయ్యలేదు" అని వెంటనే చేర్చేది. క్యూబాలో బస్సును గ్వాగ్వా అనడం ఏదో అమెరికా కంపెనీ పేరు నుంచి వచ్చిందని నేను ఎక్కడో చదివి గొప్పగా చెప్పబోతే, "కత బాగుంటే నమ్మీడమేనా?" అని నా నోరు మూయించింది.

ఆమె పద్ధతి నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. నొప్పి ఎక్కడ అని సూటిగా అడిగితే నావికులు బెదిరిపోతారు. ఎదురుగా డాక్టరు, చెవిలో దొరసాని గొంతు. బడిలో నేర్చిన మర్యాద మాటలు వెతుక్కుంటూ సగం చెప్పి సగం దాచేస్తారు. మాడు పేరు అడిగితే మాత్రం వాళ్ళ ప్రాణం ఒక్కసారి ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఇంటి మాటల్లోనే నొప్పి చెప్పేస్తారు. చిలీ వాళ్ళలో కొందరు మా ఊళ్ళో దానికి పేరేమీ లేదు సెన్యోరా, మేం రొట్టె తింటాం అనేవారు. ఆ జవాబూ ఆమెకు పనికొచ్చేది. "ఇప్పుడు ఈడు కడుపుని గ్వాతా అంటాడు చూడు" అని నాకు సైగ చేసేది. చెప్పినట్టే అతను గ్వాతాలో పోటు అనేవాడు. అది అక్కడి మపూచే వాళ్ళ మాట.

ఇంకో విషయంలో మాత్రం ఆమె చాలా కఠినం. ఒకసారి ఓడలో చనిపోయిన మనిషి భార్యకు ఆ కబురు చెప్పాల్సి వచ్చింది. కంపెనీ తరఫు మనిషి ఇంగ్లీషులో నీళ్ళు నమిలాడు. ఆంటీ అతను నమిలినంతా నమిలినట్టే చెప్పి, చివరికి అతను అసలు మాట అనగానే, "మీ భర్త చనిపోయారు" అని ఒక్క ముక్కలో చెప్పేసింది. అవతల ఆవిడ పెట్టిన కేక నాకు పక్క కుర్చీలోకి వినిపించింది. అంత కటువుగా ఎలా చెప్పగలిగారు ఆంటీ అని తర్వాత కోపంగానే అడిగాను. "మనం మెత్తగా సెప్తే ఆవిడ ఇంకా ఆశ పెట్టుకుంటాది. ఆశ పెట్టుకుని కూకోడం ఎలాగుంటాదో నాకు తెలుసు. ఇన్నది ఇన్నట్టు సెప్పు. ఒక్క మాట కలపకు, ఒక్క మాట మింగకు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నన్ను చూడలేదు.

ఆమె ఆశ ఏమిటో యీషున్‌లోని ఆమె ఫ్లాట్‌లో తెలిసింది. ఆదివారం భోజనానికి పిలిచింది. పడుచు వయసులో, ఇక్కడి ఓడల మరమ్మతు యార్డుకు వచ్చిన ఈక్వడార్ ఇంజనీరును పెళ్ళి చేసుకుని గ్వాయకీల్ వెళ్ళిపోయింది. స్పానిష్ భాషను అత్తగారి పొయ్యి దగ్గరే నేర్చుకుంది. అత్తగారు కొండ ప్రాంతం మనిషి, చలేస్తే "అచచాయ్" అనేది, అది కెచువా మాట. ఆఫీసు ఏసీలో శాలువా కప్పుకుంటూ ఆంటీ కూడా అదే అనేది. ఆ ఇంట్లో మాడు కోసం అందరూ పోట్లాడుకునేవారట. గీకి ఎవరి పళ్ళెంలో వెయ్యాలన్నది అత్తగారి ఇష్టం. "ఎల్లిన ఏడాది నాకు ఏసినాది. ఆ రోజే ఆ ఇంటి మనిషినయ్యాను" అని చెప్పింది. నవంబరులో పెద్దల దినాన పొత్తిళ్ళలో పాపాయిలాంటి రొట్టెలు చేసేవారట, వాటి పేరూ గ్వాగ్వాలే. పోయిన వాళ్ళను తలుచుకుని, వాళ్ళ పేరు చెప్పి ఆ రొట్టె తుంచుకుంటారు. భర్త పోయాక, ఇక్కడ తన తల్లి మంచం పట్టిందని తెలిసి బయల్దేరింది. కొడుకు లూయిస్‌కు చదువు పాడవకూడదని, మూడు నెలల్లో వచ్చేస్తానని చెప్పి నాయనమ్మ దగ్గర వదిలింది. మూడు నెలలు ఏళ్ళయ్యాయి. తల్లి లేవలేదు, చావలేదు. ఈలోగా అక్కడ అత్తగారు పోయింది. ఈమె వెళ్ళలేకపోయింది. ఆ రోజు నుంచి కొడుకు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇల్లు ఖాళీ చేశాడు. ఓడలెక్కాడని ఎవరో చెప్పారు.

"ఫేస్‌బుక్‌లో వెతకలేదా?" అన్నాను.

"ఆ పేరుతో ఆ ఊళ్ళో ఈదికొకడున్నాడే. ఎతికి ఎతికి కళ్ళు పోనాయి" అంది. ఓడల కాల్స్ అన్నీ తనే ఎందుకు తీసుకుంటుందో, కొకొలోన్ అన్నవాళ్ళను రెండో ప్రశ్న ఎందుకు అడుగుతుందో అప్పుడు తెలిసింది. ఆమెకు కావలసింది ఒక్కటే, వాడి గొంతు ఒకసారి వినడం.

మా కాల్స్ రికార్డు అవుతాయి. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకడు అవన్నీ విన్నాడు. డాక్టరు లైన్లో లేనప్పుడు నావికులతో సొంత మాటలు మాట్లాడకూడదని, వంటింటి ప్రశ్నలతో సమయం వృథా అవుతోందని చెప్పి, ఆంటీని ఓడల కాల్స్ నుంచి తప్పించి కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చే పనిలో కూర్చోబెట్టాడు. మళ్ళీ అడిగితే ఉద్యోగం ఉండదన్నాడు. వాడి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆంటీ మాత్రం తలూపి, శాలువా సర్దుకుని, నా పక్క కుర్చీలోనే కూర్చుంది. ఓడ కాల్ వచ్చినప్పుడల్లా చేతిలో పని ఆపేసి నా మొహం చూసేది. నన్ను అడగమని ఒక్కసారీ అనలేదు.

అడగాలని నేనే అనుకున్నాను. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది వెధవ ఉద్యోగం అనుకున్నాను. అలా అడగ్గా అడగ్గా ఒక మధ్యాహ్నం, ఓడ మీద తాళ్ళు చుట్టే వించిలో వేళ్ళు నలిగిన ఒక నావికుడి కాల్ వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే చూడడానికి వెళ్ళాడు, లైన్ తెరిచే ఉంది. మాడు పేరు అడిగాను, కొకొలోన్ అన్నాడు. రెండో ప్రశ్న అడిగాను. "ఇందూనా? ఎందుకు తెలియదు! ఒకే ఓడలో రెండేళ్ళు చేశాం. ఇప్పుడు సముద్రం మానేశాడు. పెళ్ళయింది, రేవులోనే పని" అన్నాడు. నంబరు అడిగితే తన భార్యకు ఫోన్ చేసి కనుక్కుని మరీ ఇచ్చాడు. ఇచ్చాక, వేళ్ళు నలిగిన బాధలోనూ కబుర్లకు మొహం వాచినవాడేమో, ఇంకాస్త చెప్పాడు. ఆ చెప్పింది వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

కాల్ అయ్యాక కుర్చీ తిప్పాను. "ఆంటీ, దొరికాడు. క్షేమంగా ఉన్నాడు. పెళ్ళయింది. నంబరు ఇదిగో." ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపు అలాగే ఊగింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"ఏదో మింగినావు" అంది.

"లేదాంటీ."

"ఒలే, నీకు ఈ పని నేర్పింది నేను. సెప్పు. ఇన్నది ఇన్నట్టు."

చెప్పాను. "తన తల్లి తన చిన్నప్పుడే చచ్చిపోయిందని అందరికీ చెప్పాడట. ఓడలో ఉన్నా సరే, ఏటా నవంబరులో గ్వాగ్వా రొట్టె సంపాదించి, మీ పేరు చెప్పి తుంచుకుంటాడట. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడడట." ఆఫీసులో అందరూ తమ తమ కాల్స్‌లో మాట్లాడుకుంటున్నారు. ఆంటీ ఏడవలేదు. నంబరును తన ఫోన్‌లో ఎక్కించుకుని, అంకెలు సరిగా ఉన్నాయా అని నాకు చూపించింది.

ఆమె ఫోన్ చెయ్యలేదు. ఒక వారం ఆగి అడిగాను, నెల ఆగి అడిగాను. చివరికి హాకర్ సెంటర్‌లో కోప్పడ్డాను. "ఇన్నాళ్ళూ దేవులాడారు, ఇప్పుడు చేతిలో ఉంటే చెయ్యరేం? బతికున్న కొడుకు ఆంటీ!" చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు.

"సచ్చిపోయినమ్మకి ఏడాదికోసారి రొట్టె పెడతన్నాడు" అంది ఆమె, టీ కప్పులోకి చూస్తూ. "బతికున్న తల్లిని ఎవుడూ ఊరికే సంపుకోడు. ఎంత ఏడిసి ఉంటాడో ఆడు. ఇప్పటికి ఆ దుక్కం అణిగిపోనాది. నానెల్లి మళ్ళీ లేపనా? లేపి ఏటి ఇవ్వగలను ఆడికి?" ఆ తర్వాత ఆమె కొత్తవాళ్ళకు మాడు ప్రశ్న నేర్పడం కూడా మానేసింది. మాటల పుట్టుక అడిగితే, పుస్తకంలో చూసుకోమనేది. మనిషి కళ్ళ ముందే తగ్గిపోతూ వచ్చింది. గుండె సరిగా కొట్టుకోవడం లేదన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని పెరాక్ కబుర్లు చెప్పేది, కొబ్బరి తోటలు, వాళ్ళ నాన్న, వానలు. గ్వాయకీల్ ఊసు ఎత్తలేదు. ఒక మంగళవారం పొద్దున పోయింది.

ఆమె ఫ్లాట్ ఉన్న బ్లాక్ కింద ఖాళీ స్థలంలో, ఆఖరి చూపుకు వచ్చేవాళ్ళ కోసం కుర్చీలు వేశారు. ఆమె తమ్ముడి కూతురు అన్నీ చూసుకుంది. పొద్దున్నే మండాయ్ శ్మశానంలో దహనం అయ్యాక ఆ అమ్మాయి ఆంటీ ఫోన్ నా చేతిలో పెట్టింది. "అక్కా, యూ నో స్పానిష్, రైట్? ఈ నంబర్‌కి ఆంటీ ఎప్పుడూ కాల్ చెయ్యలేదు. బట్ ఎవ్రీ డే ఓపెన్ చేసి చూసేది లా" అంది. ఇంటికొచ్చి, తల స్నానం చేసి, తడి జుట్టుతోనే ఆ నంబరు నొక్కాను. అక్కడ ఇంకా ముందురోజు రాత్రి. టీవీ చప్పుడు, ఎవరో పసివాడి గోల. "అలో" అన్నాడు. సింగపూర్ నుంచి మాట్లాడుతున్నానని, వాళ్ళమ్మ దగ్గర పనిచేశానని చెప్పాను. తర్వాత ఆమె నేర్పినట్టే ఒక్క ముక్కలో చెప్పాను. "మీ అమ్మగారు మంగళవారం చనిపోయారు."

వెనక నుంచి ఒక ఆడగొంతు, ఎవరది అని అడిగింది. "ఎవరో, తప్పు నంబరు" అన్నాడు అతను. తలుపు తీసిన చప్పుడు, మెట్లు, తర్వాత వీధిలో బళ్ళ మోత. అప్పుడు అడిగాడు, బాధపడిందా అని. చివరి రెండు రోజులు ఊపిరి కష్టమైంది, పోయే గంటలో మాత్రం బాధ లేదని చెప్పాను. నా సంగతి తెలుసా అన్నాడు. "తెలుసు. మీ నంబరు ఆమె దగ్గర ఉంది. ఆ రొట్టె సంగతీ తెలుసు."

"తెలిసి కూడా ఫోన్ చెయ్యలేదా?"

"చెయ్యలేదు. మీ దుఃఖం అణిగిపోయింది, మళ్ళీ లేపనన్నారు."

"అణిగిందని ఆమెకు ఎవరు చెప్పారు?" అన్నాడు. వీధిలో నిలబడి, ఊరు కాని ఊళ్ళో ఉన్న నాతో ఏడుస్తూ అన్నాడు. "నేనిప్పుడు లోపలికి వెళ్ళి ఎవరితో చెప్పుకోను సెన్యోరా? నా భార్య, నా స్నేహితులు, నాతో ఓడల్లో పనిచేసినవాళ్ళు, అందరూ నన్ను ఎప్పుడో ఓదార్చేశారు. ఇవాళ మా అమ్మ పోయిందని ఎవరితో అనను?"

అప్పటి నుంచి అతను నాకు ఫోన్ చేస్తున్నాడు. వేళాపాళా ఉండదు. ఇంట్లో అందరూ పడుకున్నాకనో, పనికి వెళ్ళే దారిలోనో చేస్తాడు. ఆమె ఏం తినేది, ఎలా నవ్వేది, ఎవరిమీద కోప్పడేది అని అడుగుతాడు. కొన్నిసార్లు ఏమీ అడగడు, ఊరికే ఏడుస్తాడు. నేను వింటాను. తల్లి పోయిందని అతను చెప్పుకోగలిగిన చోటు ఈ భూమ్మీద నా ఫోన్ ఒక్కటే. అందుకే దాన్ని నేనెప్పుడూ సైలెంట్‌లో పెట్టను.